అడ్డపొగ

సుమ్మాదేవి దగ్గర రైలుకట్ట దిగువన నీలవేణి గుడిసె. కార్తీకమాసం, పొద్దు నడినెత్తి మీద ఉంది. ఏడాది కిందట సొంత ఊళ్ళో, సొంత మరిది చేత ఎనిమిది ముందుపళ్ళు పీకించుకుని ఇక్కడికి వచ్చిపడ్డాక, ఆమె గుమ్మం ముందు అయినవాళ్ళ బండి ఆగడం ఇదే మొదలు. దిగింది తోటికోడలు రత్నాలమ్మ. రమ్మనే దిక్కులేక గుమ్మంలోనే నిలబడింది.

"ముందు ఎద్దుల్ని ఇప్పమను."

"ఇప్పితే ఎలగప్పా? రెండు కోసుల దారి. నువ్వు బండెక్కితే బేగి ఎల్లిపోదుము."

"ఎక్కుతానని నానన్నానా? ఇప్పమను. ఎద్దులేటి పాపం సేసాయి, ఇన్ని నీళ్ళు తాగుతాయి."

"ఒరే గోవిందూ, ఇప్పెయ్యిరా. ఇప్పేడప్పా. ఇప్పుడైనా సెప్పు, వత్తావా రావా?"

"కూకో."

"కూకోడానికి రాలేదప్పా. పిల్లకి..."

"ఏ పిల్లకి?"

"ఏ పిల్లేటి? మన కళావతికి."

"మన కళావతి."

"మన కాదేటి? నాను కన్నానన్న మాటే గానీ పెంచింది నువ్వు కాదా? పుట్టిన కాణ్ణుంచీ నీ పక్కలోనే కదా తొంగుంది."

"ఆ మాట కిందటేడు కార్తీకంలో అనుంటే నా నోట్లో పళ్ళుండేవి. అప్పుడు నీకు మాట పెగల్లేదు. ఇయాల బాగా పెగులుతంది."

"తప్పయిపోయిందప్పా. నీ కాళ్ళట్టుకుంటాను."

"అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. పెద్దోళ్ళు ఊరికే అనలేదు. ఆ రోజు నా జుట్టు ఎవులికి అందింది రత్నాలూ?"

"ఎందుకప్పా ఇప్పుడు అయ్యన్నీ."

"నీ మొగుడు గున్నయ్య సేతిలో పటకారుంది. ఎద్దులకి నాడాలు ఊడదీసే పటకారు. మరి నా జుట్టు ఎవులి సేతిలో ఉంది?"

"అందరూ ఉన్నారు కదప్పా, ఊరంతా..."

"ఊరంతటికీ సేతులున్నాయి. నా జుట్టు ఒక్కటే. ఎవులి సేతిలో ఉంది?"

"నా సేతిలోనే."

"ఇనపడ్లేదు."

"నా సేతిలోనే ఉంది. తల కదపనియ్యకు అని ఆయనంటే నానే ఎనక్కి లాగి అట్టుకున్నాను. సాలా?"

"సాలదు. కానీ, సెప్పు. గుంటకేటయింది?"

"నిన్న మంచు పడింది కదా. రాత్రి ఆయాసం అందుకుంది. ఏడాది నుంచీ లేదు, పోయిందనే అనుకున్నాను. డొక్కలు ఎగరేత్తంది, మెడ నరాలు తాళ్ళలాగ తేలిపోయాయి, పెదాలు నల్లబడ్డాయి. తెల్లారగట్ల ఆ మందుసుట్ట ముట్టించి ఎట్టాను. కాసేపటికి డొక్కలు సద్దుకున్నాయి. అమ్మయ్య అనుకుని ఇంత గంజి కాసి తెచ్చేసరికి మళ్ళీ అదే, కిందటేడులాగే. కళ్ళు సూత్తే నల్లగుడ్డు తప్ప కన్నే లేదు. ఒళ్ళు సెగలు కక్కుతంది, సెమట సుక్క లేదు. నాలిక అట్టకట్టుకుపోయి మాట తడబడతాది. గాల్లో ఏటో ఏరుకుంటాది, ఏరి ఒళ్ళో ఏసుకుంటాది. లేని మనుసులతోటి మాటాడతాది, నవ్వుతాది, అంతలోనే జడుసుకుంటాది. నన్ను సూసి, నువ్వెవులు అంటాది. గోడకేసి తిరిగి, పెద్దమ్మా రా, పెద్దమ్మా ఇలగ రా, అంటాది."

"పెద్దమ్మా అనే అంటాదా?"

"పెద్దమ్మా అనే."

"అయితే నానెట్టిన సిల్లంగే."

"నానలగ అనలేదప్పా."

"అనకపోతే ఎందుకొచ్చావు? నాకు బెల్లం ముక్క ఇచ్చిపోడానికొచ్చావా?"

"ఎవులెట్టినా, ఏదెట్టినా, నువ్వు తీసెయ్యగలవప్పా. తీసెయ్యి. నీ పిల్లే అనుకో."

"ఎలగ తియ్యను? మంత్రం సదవాల కదా. పళ్ళు లేని నోట మంత్రం పలకదనే కదా పీకారు? పలికే నోరు మీకు పనికిరాలేదు. ఇప్పుడు బోడినోటితో పలకమంటే ఎలగ?"

"అలగ మెలికెట్టకప్పా."

"మెలిక నాది కాదు, మీదే. పైన నాలుగు, కింద నాలుగు పీకారు. పళ్ళతోటే మంత్రం పోతే, ఇయాల గుంటకి మళ్ళీ ఎలగ తగిలింది? రెండు కోసుల అవతల కూకుని నాను దేంతోటి సదివేను?"

"మీ మరిదేమో... దవడపళ్ళు మిగిలిపోయాయి అంటన్నాడు."

"ఓహో. దవడపళ్ళు."

"పటకారు అట్టుకుని తనే వత్తానని లేసేడప్పా. నానే అడ్డంపడ్డాను. నీకు దండమెడతాను, నువ్వు పిల్లని ఒళ్ళో ఎట్టుకుని ఇంటికాడే కూకో, అప్పని నాను బతిమాలి తీసుకొత్తాను, అంతవరకూ నువ్వు మాత్రం..."

"ఆడి ఊసు నాకొద్దు. ఆడేటి సేత్తన్నాడో, నువ్వు ఆడికేటి సెప్పొచ్చావో, ఆ ఊసు ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదు."

"సరే, సెప్పను. రా మరి."

"వత్తాను."

"నా తల్లివప్పా. ఒరే గోవిందూ..."

"ఇప్పుడు కాదు. ఆ కొబ్బరిసెట్టు నీడ సూసావా? అక్కడ రోలుంది సూడు. నీడ రోలుని తాకినాక లేత్తాను. అందాకా నువ్వు ఆ గుమ్మంలోనే కూకోవాల."

"అదేటప్పా. అది తాకేసరికి పొద్దు వాలిపోతాది."

"వాలిపోనీ. ఆ రోజు నన్ను బండిసక్రానికి కట్టినప్పుడు పొద్దు ఇదిగో, ఇక్కడే ఉంది. కట్టు ఇప్పినప్పుడు కళ్ళంలో ఎండ లేదు. నువ్వు ఎనకనుంచి సూసావు, ముందునుంచి ఎలాగుంటాదో నాను సెప్తాను, ఇను. మొదటిది బేగే వచ్చేసింది. ఆడికి ఉషారొచ్చి పన్ను పైకెత్తి అందరికీ సూపించేడు. రెండోది ఇరిగిపోయింది. ముక్క లోపలుండిపోతే మంత్రమూ ఉండిపోతాదని ఎవులో అన్నారు, ఆ ముక్క కోసం ఎంతసేపు కెలికేడో నాకు తెలుసు, ఆ దేవుడికి తెలుసు. మీ అమ్మ అప్పలనరసమ్మ సెంబుతో నీళ్ళు తెచ్చింది. నాకే అనుకుని నోరు సాపేను. పటకారు కడగడానికంట. నాలుగయ్యాక, ఆకలేత్తంది తినేసి వద్దుమని అందరూ ఎల్లేరు. నన్నలగే కట్టేసి ఉంచి అన్నాలు తిండానికి ఎల్లేరు రత్నాలూ. నువ్వూ ఎల్లేవు. ఇంకా నాలుగున్నాయి, తినేసి వత్తారు, వచ్చి మళ్ళీ మొదలెడతారు. పళ్ళూడిన నొప్పి ఎప్పుడో మరిసిపోయాను. మీరు అన్నం తిన్న ఆ సేపుంది సూడు, అది మరవలేదు. ఆ కూకోడం ఎలాగుంటాదో నీకు తెలవాల. ఏడాది నుంచీ నాకున్న కోరిక అదొక్కటే. నీ పళ్ళు నాకెందుకు, ఏం సేసుకుంటాను? కూకో."

"పిల్ల సచ్చిపోతాదప్పా."

"సావదు."

"నీకెలగ తెలుసు?"

"సిల్లంగి ఎట్టినదాన్ని నాను. నాకు తెలకపోతే ఎవులికి తెలుస్తాది?"

"అంటే నువ్వే ఎట్టావా? నిజంగా నువ్వే ఎట్టావా?"

"కూకో అన్నాను."

రత్నాలమ్మ కూర్చుంది. నీడ రోలుకు రెండు బారల దూరంలో ఉంది. గోవిందు ఎద్దులకు నీళ్ళు పెట్టి, బండి కింద తుండు పరచుకున్నాడు.

"కాసిన్ని మంచినీళ్ళియ్యప్పా. గొంతెండిపోతంది."

"కుండ అక్కడుంది, ముంచుకో. పటకారు కడగడానిక్కాదు కదా?"

"అలగ పొడవకప్పా."

"పొడుత్తాను. పొడవడానికే కూకోబెట్టాను. నీళ్ళు తాగు."

"నువ్వింకా సుట్ట తాగుతన్నావా?"

"తాగక? నిప్పు లోపలికెట్టి పళ్ళతోటి ఇలగ అట్టుకుంటే గంటసేపు ఉండేది. దంపుడు దంచుతున్నా, నాటులేత్తున్నా నోట్లోంచి జారేది కాదు. ఇప్పుడు పెదాలతో అదుముకోవాల. రెండుసార్లు నాలిక కాలింది, అలవాటయిపోయింది. మంచిది, నువ్వే సుట్ట ఊసెత్తావు. ఆ సుట్ట సంగతి సెప్పు."

"ఏ సుట్ట?"

"పిల్లకెట్టిన మందుసుట్ట."

"నీకు తెలీదేటి? నువ్వింట్లోనే ఉన్నావు కదా."

"పెరట్లో దంపుడు కాడున్నాను. నాను సూసింది సగమే. నీ నోటితో సెప్పు, మొదటినుంచీ."

"సెప్పడానికేటుందప్పా. పలాస సంతలో మందులమ్మే దాలయ్య లేడూ, ఆడి దగ్గర మీ మరిది ఓ కట్ట తెచ్చేడు. ఆయాసం వచ్చినప్పుడు ఒకటి ముట్టించి, పిల్ల సేత రెండంటే రెండు పీల్పులు పీల్పించి ఆర్పెయ్యమన్నాడంట."

"మరి నువ్వేటి సేసావు?"

"ఏటి సేత్తాను? ఆడు మొగోడు, నిప్పు బైటికెట్టి తాగేవోడు సెప్పినట్టు సెప్పేడు. అలగ తాగితే సగం పొగ గాల్లో కలిసిపోదా? మందు గాలికి పోతే పిల్లకేటి మిగులుతాది? నిప్పు లోపలికెట్టి తాగించాను."

"అడ్డపొగ."

"అడ్డపొగే. మనూళ్ళో ఆడది ఇంకోలాగ ఎప్పుడైనా తాగిందా? మన అత్త తాగింది, నువ్వు తాగుతావు, నాను తాగుతాను. గుంట నోరు కాలకుండా, నిప్పుకి నాలిక తగలకుండా ఎలగ అట్టుకోవాలో ఒళ్ళో కూకోబెట్టుకుని నేర్పాను. తెలివైన గుంట, బేగే అందుకుంది. ఒక్క పొగ బైటికి పోలేదప్పా."

"ఎంతవరకు తాగింది?"

"సివరిదాకా."

"బూడిద?"

"ఉమ్మితో కలిసి నోట్లోనే రాలింది. ఉమ్మబోతే నానే ఒద్దన్నాను. మందు కదా, మింగెయ్యి అన్నాను. ఏటప్పా, ఎందుకు నవ్వుతావు?"

"ఏం లేదు. నీడ సూడు, ఇంకా బారెడున్నర ఉంది."

"నవ్వితే నాకు బయ్యమేత్తంది. ఇయాల కూడా అలగే తాగించాను, ఇంకా నాను బయల్దేరినప్పుడు..."

"ఇయాల సంగతి నానడగలేదు. ఆ రోజు సంగతి అడిగేను. గుంట కలవరింతలు మొదలెట్టింది, పెద్దమ్మా అంది. అంతవరకూ నాకు తెలుసు. పరిగెట్టుకొచ్చి ఒళ్ళోకి తీసుకుందునా, నన్ను దగ్గరికి రానియ్యలేదు. తలుపు ఏసేసారు. తలుపు అవతల, ఇది సిల్లంగి అని మొదట అన్నదెవులు?"

"ఊరే అంది."

"ఊరికి నోరు లేదు."

"మా అమ్మ అంది."

"అప్పటికి మీ అమ్మ కంచిలి నుంచి ఇంకా రాలేదు."

"మీ మరిదే..."

"ఆడిది తాళమేసిన బుర్ర. పక్కనోళ్ళు తిప్పితే తిరుగుతాది. ఎవులు తిప్పేరు?"

"ఎందుకప్పా నన్నిలగ సంపుతావు?"

"సంపను. అంత సుకం నీకు నానివ్వను. ఎవులు?"

"నానే. నానే అన్నాను. సాలా? పిల్ల పెద్దమ్మా పెద్దమ్మా అని ఏడుత్తంటే, పాపం పెద్దమ్మ మీద బెంగెట్టుకుంది, ఆవిణ్ణి లోపలికి పిలు అన్నారందరూ. మీ మరిదీ అలగే అన్నాడు. నానే అన్నాను, బెంగ కాదు, సిల్లంగి అని."

"ఎందుకన్నావు?"

"తెలీదు."

"తెలుసు."

"ఒంట్లో బాగోలేకపోతే ఏ పిల్లయినా అమ్మా అంటాది కదప్పా. మొయ్యలేక మోసి కన్నాను. రాత్రంతా గుండెలకి ఆన్చుకుని కూకున్నాను. నన్ను సూసి, నువ్వెవులు అంది. నిన్ను రమ్మంది. నువ్వు పెరట్లో దంపుకుంటన్నావు, నీకు తెలీనుకూడా తెలీదు. అయినా నిన్నే పిలిసింది. నా కడుపు మండిపోయింది. ఇది మామూలుగా జరిగే పని కాదు, నువ్వేదో సేసే ఉంటావు అనుకున్నాను. అనుకున్నాను, అనేసాను. అన్నాక ఇంక నా సేతిలో లేదు."

"జుట్టు మాత్రం నీ సేతిలో ఉంది."

"ఉంది."

"ఏడాదినుంచీ ఈ మాట కోసమే కూకున్నాను రత్నాలూ. నీ కడుపు మండింది, నా నోరు కాలింది. బాగుంది. ఇంకా కూకో, నీడ ఇంకా బారెడుంది."

"అప్పా, ఇంకోటుంది. సెప్పకూడదనే వచ్చాను. సెప్తే నువ్వేటనుకుంటావో అని."

"దాసుకున్నది ఇంకా ఉందేటి?"

"నిన్ను కట్టు ఇప్పి పంపేసిన మర్నాటికి పిల్లకి తెలివొచ్చింది. లేసి, పెద్దమ్మేది అంది. ఎవులం సెప్పలేదు. ఆడుకోడానికి కళ్ళంలోకి ఎల్లింది. సక్రం పక్కన నీ పళ్ళు దుమ్ములో పడున్నాయి. మేమే తియ్యలేదు, ముట్టుకోడానికి బయ్యం. ఆ గుంట అన్నీ ఏరుకుంది."

"ఏరుకుని?"

"పాలపన్ను ఊడితే పేడలో ఎట్టి ఇంటిమీదికి ఇసురుతాం కదా, కొత్తపన్ను రావాలని. నువ్వే నేర్పావంట దానికి. ఒక్కొక్క పన్నూ పేడముద్దలో ఎట్టి, ఒక్కొక్కటీ ఇంటి కప్పుమీదికి ఇసిరింది. ఏటి సేత్తన్నావే అని నాను కేకేత్తే, పెద్దమ్మకి మళ్ళీ వత్తాయి అంది. దెబ్బలేసాను. అప్పుడే సెప్పింది, ఒకటి దొరకలేదమ్మా, ఒకటి సగమే ఉంది అని."

"రెండోది."

"రెండోదే కావాల. ఇప్పుడు గాల్లో ఏరుకుంటాది అన్నాను కదా. కిందటేడు ఏటి ఏరుకుందో తెలీదు. ఇయాల పొద్దున్న అడిగేను. ఏటి ఏరుతన్నావే తల్లీ అంటే, పెద్దమ్మ పళ్ళు అంది. ఏడు పళ్ళే ఉన్నాయి, ఒకటి తక్కువయింది, అది దొరికితే గానీ పెద్దమ్మ రాదు అంది. ఏరుతానే ఉందప్పా. అది సూడలేక బండి కట్టించాను. సిల్లంగి తీయించడానికి అని ఊరికి సెప్పాను గానీ... అప్పా. ఏటప్పా, లేసేవేటి? నీడ ఇంకా రాలేదు."

"నీడ గోతిలో పడనీ. లే."

"నిజంగానే?"

"లే అన్నాను. గోవిందూ, లెగరా నాయినా, ఎద్దుల్ని కట్టు. బేగి కట్టు. నా పైగుడ్డ ఏది? ఆ సెంబు ఇలగియ్యి. దారిలో ఎవులింట్లోనన్నా ఇంత మజ్జిగ అడుగుదుము, దాని నోరెండిపోయుంటాది. ఏడవకు రత్నాలూ. పిల్లకేం కాదు. సిల్లంగీ లేదు, గిల్లంగీ లేదు."

"లేదా?"

"లేదు. నాకేటి మంత్రాలొచ్చు? పొయ్యి ఊదడం వచ్చు. నా నోరు సీముపట్టి జొరమొత్తే, ఈ కట్టమీద పనిసేసేవోళ్ళు నన్ను రైలెక్కించి టెక్కలి ఆస్పత్రికి తీసికెల్లేరు. అక్కడ కంపౌండరు మంచోడు. నోరు కడుగుతా, ఎవులమ్మా ఇలగ సేసేరు అన్నాడు. అంతా సెప్పాను. పిల్ల ఆయాసం, సుట్ట, కలవరింతలు, అన్నీ. ఆ సుట్టలో ఏటుంటాదో తెలుసా అన్నాడు. ఉమ్మెత్తాకంట. గుండెలో పట్టు ఇడిపించడానికి అదే మందంట, దొరలు కూడా అదే వాడతారంట. కానీ రెండు పీల్పులు. అడ్డపొగ ఎట్టి తాగించారు అంటే నెత్తి కొట్టుకున్నాడు. పొగంతా లోపలికి, బూడిదా ఉమ్మీ లోపలికి, అది మందు కాదమ్మా, గుప్పెడు ఉమ్మెత్త పిల్లసేత తినిపించారు అన్నాడు. పెద్దోళ్ళకే పిచ్చెత్తుతాది, పిల్లలకి మరీను. లేనివి కనపడతాయంట. ఎవులంటే ఎక్కువ ఇష్టమో ఆళ్ళని పిలుస్తారంట."

"ఆ సుట్టా?"

"ఆ సుట్టే. నువ్వు ఒళ్ళో కూకోబెట్టుకుని నేర్పిందే. నువ్వే ఎట్టావు సిల్లంగి, నీ సేత్తోనే ఎట్టావు. ఈ మాట అప్పుడే వచ్చి సెప్పుదునా? సెప్పలేదు. నాలిక కింద దాసుకున్నాను. మళ్ళీ మంచు పడతాది, మళ్ళీ ముట్టిత్తాది, మళ్ళీ నా కాళ్ళకాడికే వత్తాది, అప్పుడు సెప్తాను అనుకున్నాను. పాపమో పుణ్యమో, నీకు ఈ పూట అలగ కాలాలనే అనుకున్నాను. ఇంత కసి నా కడుపులో ఉంటాదని నాకే తెలీదు."

"మరి పిల్ల... పిల్ల బతుకుతాదాప్పా?"

"ఎందుకు బతకదు? ఒకటి తాగితే పొద్దు తిరిగేసరికి దిగిపోతాదంట, మర్నాటికి మామూలే. కిందటేడు అలగే కదా దిగింది? పళ్ళు పీకినందుక్కాదు, తాగింది దిగి తెలివొచ్చింది. ఒకదాని మీద ఒకటి పడితే మాత్రం గుండె నిలబడదు, మందు లేదు అన్నాడు. ఎవులు తాగిత్తారు బాబూ ఒకదాని మీద ఒకటి, మా రత్నాలుకి ఆ మాత్రం బుద్ధుంది అన్నాను. అది తెలిసే నిన్ను ఇంతసేపు కూకోబెట్టాను. కాలింది నీకే గానీ పిల్లక్కాదు. లేపోతే కూకోబెడుదునా? నా పిల్ల కాదా అది? రా, ఎక్కు. ఎద్దుల్ని కట్టేసేడు. ఏటే అలగ సూత్తావు? ఎక్కవేటి?"

"అప్పా."

"ఏటి?"

"ఇందాకణ్ణుంచీ సెప్పబోతన్నాను. నువ్వు సెప్పనియ్యలేదు."

"ఏటది?"

"పొగ ఉన్నంతసేపు సిల్లంగి దగ్గరికి రాదని, కట్టలో ఉన్న సుట్టలన్నీ మీ మరిది సేతిలో ఎట్టొచ్చాను. ఒకటి అయిపోతే ఒకటి ముట్టించు, అప్పొచ్చిందాకా పిల్ల నోట్లోంచి తియ్యొద్దు అని సెప్పొచ్చాను."